ఫ్రీహోల్డ్: మాలీ పిచ్చర్ నీళ్లు మోసిన నేల

న్యూజెర్సీ మధ్యభాగమున, ఎడిసన్ మొదలగు తెలుగువారు విరివిగా నివసించు పట్టణములనుండి కారులో ముప్పావుగంట ప్రయాణమునకు లోబడియే, మాన్‌మత్ కౌంటీకి ప్రధానస్థానమైన ఫ్రీహోల్డ్ అను చిన్న పట్టణము కలదు. న్యాయస్థానము, దాని సమీపమున ఇటుక కట్టడముల బజారు, చెట్లనీడల వెనుక పాతకాలపు కొయ్యయిండ్లు గల ఇట్టి పట్టణములు ఆ రాష్ట్రమున అనేకము. కాని ఊరు దాటి పడమరగా కొంతదూరము పోయినచో పొలములును, తోటలును, వాగులును గల విశాలమైన మైదానము కానవచ్చును. పదిహేనువందల ఎకరములకు మించిన ఈ నేలను ప్రభుత్వము భద్రముగా కాపాడుచున్నది. 1778 జూన్ 28వ తేదీ ఆదివారమునాడు, అమెరికా స్వాతంత్ర్యయుద్ధమున ప్రఖ్యాతమైన మాన్‌మత్ సంగ్రామము జరిగినది ఇచ్చటనే.

చరిత్రను సంగ్రహముగా చెప్పుదును. ఫ్రాన్సు అమెరికనుల పక్షమున చేరుటతో ఫిలడెల్ఫియాను విడిచి న్యూయార్కునకు తరలుచున్న బ్రిటిషు సేనాని సర్ హెన్రీ క్లింటన్ సేనను, వ్యాలీఫోర్జిలో దారుణమైన శీతకాలము గడపి, కవాతులో ఆరితేరి వచ్చిన జార్జి వాషింగ్టన్ సేన వెన్నంటి వచ్చి తాకెను. ముందు నడచిన అమెరికను సేనాని ఛార్లెస్ లీ వెనుదిరుగగా, వాషింగ్టన్ ఎదురేగి, చెదరుచున్న దళములను నిలువరించి, మిట్టలపై ఫిరంగులను నిలిపి సాయంకాలమువరకు పోరెను. ఆ రాత్రి చీకటిలో బ్రిటిషువారు తీరమువైపు సాగిపోయిరి. జయము తమదేయని ఉభయులును చాటుకొనిరి; లీ సైనికవిచారణకు లోనయ్యెను.

ఆ మైదానమున తిరుగుచున్నంతసేపును నా మనస్సు ఒక్క స్త్రీ చుట్టును, ఆమె మోసిన నీటి చుట్టును తిరుగుచుండెను. ఆనాటి ఎండ నూరు ఫారన్‌హీటు డిగ్రీలకు చేరువగా ఉండెనని చెప్పుదురు. బెజవాడలో రోహిణీకార్తె నెరిగినవారికి ఆ అంకె భయము గొలుపకపోవచ్చును గాని, దళసరి దుస్తులపై తోలుపట్టెలు బిగించి, బరువులు మోసికొని నడచివచ్చిన సైనికునకు అది సాక్షాత్తు మృత్యువే. గుండు తగులకయే, కేవలము వడదెబ్బచే ప్రాణములు విడిచినవారు ఇరుసేనలలోను పెక్కురు.

మనుష్యులకు మాత్రమే కాదు, ఫిరంగులకును నీరు కావలెను. ఆకాలపు ఫిరంగికి నోటినుండియే మందు కూరవలెను. ఒకమారు ప్రేల్చిన పిదప మందుసంచి గుడ్డపీలికలు నిప్పురవ్వలై గొట్టమున నిలిచియుండును. వానిమీదనే మరియొక సంచిని త్రోసినచో అది అప్పుడే రగుల్కొని, కూరువాని చేతులనో ప్రాణమునో హరించును. అందుచే పొడవైన కోల చివర గొఱ్ఱెతోలు చుట్టిన కుంచెను బొక్కెననీటిలో ముంచి, ప్రతి ప్రేలుడు తరువాతను గొట్టమును అడుగువరకు తుడువవలెను. అట్లు తుడుచుచున్నంతసేపును వేరొకడు రంజకపు రంధ్రమును బొటనవ్రేలితో మూసి గాలి చొరకుండ కాపాడవలెను. అటుపిమ్మట సంచియు, గుండును వేసి కోలతో దట్టించి, రంజకము పోసి నిప్పంటింపవలెను. ఈ క్రమము నడచిన కొలదియు బొక్కెనలోని నీరు మసిబారి, వేడెక్కి, తరిగిపోవుచుండును. మాన్‌మత్‌లో ఆ మధ్యాహ్నము ఇరుపక్షముల ఫిరంగులు గంటల తరబడి మ్రోగినవి. గుండ్లు పడుచున్నచోట వాగునుండి మిట్టమీదికి నీరు మోయుట దాహార్తులయెడ దయ మాత్రమే కాదు, ఫిరంగి ఆగిపోకుండ నడుపుటయే. వీరగాథలు చెప్పువారు దీనిని ఒక్క మాటతో దాటిపోవుట నాకు అన్యాయముగా తోచుచున్నది.

ఆ పని చేసిన స్త్రీని అమెరికనులు మాలీ పిచ్చర్ అందురు. నీళ్లకూజాయే ఆమెకు ఇంటిపేరైనది. ఫిరంగిదళమున పనిచేయు భర్త వెంట వచ్చిన ఆమె నీరు పోయుచుండగా భర్త నేలకూలెననియు, ఆమె అతని చేతికోల నందుకొని సాయంకాలమువరకు ఆ స్థానమున నిలిచెననియు, వాషింగ్టన్ స్వయముగా మెచ్చి ఆమెకు సార్జంటు పదవి నొసగెననియు కథ. ఆమె అసలుపేరు మేరీ హేస్ అనియు, భర్త పెన్సిల్వేనియా ఫిరంగిదళమువాడైన విలియం హేస్ అనియు సాధారణముగా చెప్పుదురు. విలియం ఆనాడు మరణింపలేదు, 1786 వరకు జీవించెను. పదవి ముచ్చట కథకులు చేర్చినది.

ఇవి తీసివేసినను మిగులునది స్వల్పము కాదు. ఆ సంగ్రామమున ఉన్న జోసెఫ్ ప్లమ్ మార్టిన్ అను సైనికుడు 1830లో ప్రకటించిన జ్ఞాపకములలో, భర్తతోకూడ ఫిరంగివద్ద పనిచేయుచున్న ఒక స్త్రీని గూర్చి వ్రాసెను. మందుసంచి కొఱకు ఆమె కాలు చాచిన క్షణమున శత్రువుల గుండొకటి కాళ్లనడుమగా దూసికొనిపోయి పావడ క్రిందిభాగమును చింపుకొని పోగా, ఆమె నిర్వికారముగా చూచి, ఇంకను ఎత్తున రాకపోవుట అదృష్టమని పలికి, తన పని తాను సాగించెనట. అతడామె పేరు చెప్పలేదు. ఇక 1822 ఫిబ్రవరిలో పెన్సిల్వేనియా శాసనసభ, కార్లైల్ పట్టణమున నివసించుచున్న మేరీకి ఏటేట 40 డాలర్ల భరణము మంజూరు చేసినది యుద్ధకాలమున ఆమె స్వయముగా చేసిన సేవలకే.

ఇట్టి సాహసము ఆమె యొక్కతెదే కాదు. 1776 నవంబరు 16న ఫోర్ట్ వాషింగ్టన్ వద్ద మార్గరెట్ కార్బిన్ హతుడైన భర్త స్థానమున ఫిరంగిని నడిపి తీవ్రముగా గాయపడెను. 1779లో కాంగ్రెసు ఆమెకు సగము జీతము భరణముగా నిచ్చెను. బట్టలుతుకుచు, క్షతగాత్రులకు పరిచర్య చేయుచు సేనల వెంట నడచిన స్త్రీలెందరో కలరు. అట్టివారి కృత్యములు ఒక్క మాలీ పేరున కలిసిపోయినవని పలువురు పండితుల మతము. నాకును అదియే సత్యమనిపించును; అంతమంది కష్టమును మోయుచున్నందున ఆ పేరు నాకు మరింత పూజ్యమైనది.

ఫ్రీహోల్డ్ పట్టణములోని సంగ్రామ స్మారకస్తంభము 1884లో ఆవిష్కృతమైనది. దాని అయిదు కంచుఫలకములలో ఒకదానియందు శిల్పి జేమ్స్ కెల్లీ ఫిరంగివద్ద మాలీని మలచెను. అచ్చట చాలసేపు నిలిచితిని. 1928లో సంగ్రామపు నూటయేబదియవ వార్షికోత్సవమునకు తపాలాశాఖ వాషింగ్టన్ బొమ్మగల రెండు సెంట్ల బిళ్లమీదనే మాలీ పేరు అచ్చువేసి సరిపెట్టినది. ఆమె కొక చిత్రమైనను ఈయవలసినది. మైదానమున మాలీ నీటిబుగ్గ యని రెండు తావులను గుర్తించిరి. సమీపమున టెన్నెంట్ గుట్టపై 1751 నాటి చర్చి నేటికిని నిలిచియున్నది. సంగ్రామదినమున అది వైద్యశాల.

న్యూజెర్సీ టర్న్‌పైకుపై మాలీ పిచ్చర్ పేరుగల విశ్రాంతిస్థానమున కాఫీకై ఆగు తెలుగువారు ఎందరో. వారొకమారు తూర్పుగా మరలి ఈ మైదానమునకు రావలెను. ఏటేట జూన్ మాసమున ఇచ్చట ఆ సంగ్రామమును అభినయింతురు. పిల్లలను తోడ్కొనివచ్చి, ఫిరంగిని తుడిచి, కూరి, ప్రేల్చు క్రమమునంతటిని దగ్గరనుండి వారికి చూపింపుడు.