నిలబడి త్రాగిన నీళ్ళు

పరుగెత్తి పాలు త్రాగుటకంటె నిలబడి నీళ్ళు త్రాగుట మేలని పెద్దలు చెప్పిన మాట ఎరుగని తెలుగువారుండరు. సామెతలను గూర్చి పాఠము చెప్పవలసి వచ్చినప్పుడెల్ల మేమును ఈ మాటను తరగతిలో ఉదాహరించియున్నాము, విద్యార్థులు వ్రాసుకొన్నారు, పరీక్షలో తిరిగి మాకే వ్రాసి యిచ్చినారు. అయితే ఆ మాటలోని అర్థము మాకు పుస్తకమువలన గాక, మన కళాశాల కార్యాలయపు గోడకు తగిలించిన ఒక చిన్న తెల్లని పెట్టెవలన బోధపడినది. ఆ కథ చెప్పుకొనుటలో మాకు కొంత సిగ్గు కలదు. అయినను చెప్పుటయే మేలని తోచినది.

గత విద్యాసంవత్సరారంభమున కళాశాల కమిటీవారు విద్యార్థుల మొర ఆలకించి, పాత వైఫై పెట్టె స్థానమున క్రొత్త యాక్సెస్ పాయింటును తెప్పించి యిచ్చారు. కంప్యూటరు అధ్యాపకులు ఆ వారము సెలవులో ఉన్నారు. తెలుగు శాఖవారమైనను, వయస్సులో చిన్నవారమన్న పేరును, ఫోనులో ఏదో ఒకటి సరిచేయగలరన్న కీర్తియు మాకుండుటచే, దానిని అమర్చు బాధ్యత మామీద పడినది. పెట్టెలోనికి ప్రవేశించి చూడగా 2.4 గిగాహెర్ట్జ్ అను భాగమున మూడు ఎంపికలు కనిపించినవి: స్వయంచాలకము, 20, 40 మాత్రమే. 5 గిగాహెర్ట్జ్ భాగమునను అటువంటివే; వానిలో అన్నిటికన్న పెద్దది 160. అంకె పెద్దదైనకొలది మేలనుకొని రెండుచోట్లను పెద్ద అంకెనే ఎంచుకొన్నాము. పెట్టె ప్రక్కనే నిలుచుండి వేగపరీక్ష చేయగా వచ్చిన అంకెను ఫొటో తీసి ప్రిన్సిపాల్ గారికి చూపించాము. ఆయన కమిటీవారికి చూపించారు. అందరును మెచ్చుకొన్నారు.

ఆ మెప్పుతో మరొక పని కూడ చేశాము. ఉపకార వేతనపు దరఖాస్తులను కళాశాలలోనే పూర్తి చేసికొనవచ్చుననియు, ఫోనులోని డేటాను ఖర్చు చేసికొననక్కరలేదనియు నోటీసు బల్లపై తెలుగునను ఉర్దూనను వ్రాయించాము. మన విద్యార్థులలో చాలమందికి నెల డేటాకు పెట్టు రూపాయలు కూడ లెక్కలోనివే. వారు మా మాట నమ్మినారు.

పది దినములు గడవకమునుపే ఫిర్యాదులు మొదలైనవి. వైఫై పేరు కనిపించును, కనిపించకపోవును. పేజీ సగము తెరచుకొని ఆగిపోవును. మేము కార్యాలయమున పెట్టె క్రింద నిలుచుండి పరీక్షించి, ‘బాగుగానే ఉన్నదే’ అని పంపివేసేవారము. పఠనమందిరము కార్యాలయమునకు రెండు గోడల ఆవల ఉన్నదనియు, అవి సున్నపు గారతో కట్టిన పాతకాలపు రాతిగోడలనియు మాకు తెలియనిది కాదు. తెలిసియు అక్కడికి వెళ్ళి చూడలేదు.

దరఖాస్తులకు చివరిదినము వచ్చినది. సాయంకాలము 5 గంటలకు గడువు. ద్వితీయ సంవత్సరపు విద్యార్థిని ఒకతె ఆదాయ ధ్రువపత్రమును, బ్యాంకు పుస్తకమును దగ్గర పెట్టుకొని మధ్యాహ్నమునుండి పఠనమందిరమున కూర్చున్నది. వివరములు నింపుట, పత్రము పైకి పంపుట, సగములో సంబంధము తెగుట, మరల మొదటి పేజీకి వచ్చుట, ఇదే తంతు. 4 గంటలు దాటిన తరువాత మావద్దకు వచ్చి, “సార్, చక్రం తిరుగుతూనే ఉంది, ఫోనులో డేటా కూడా అయిపోయింది” అన్నది. మేము మా ఫోనునుండి డేటా యిచ్చి కూర్చుండబెట్టేసరికి పత్రములు ఇంకను రెండు పంపవలసియుండగనే గడువు ముగిసినది. మరునాడు ఆమెతో సంబంధిత కార్యాలయమునకు వెళ్ళి విన్నవించాము; తేదీ దాటినదన్నారు. వారిని నిందించి ప్రయోజనము లేదు. తిరిగివచ్చునపుడు ఆ అమ్మాయి, “పరవాలేదు సార్, అమ్మీకి నేనే చెప్పుకుంటాను” అన్నది. ఆ సంవత్సరపు ఉపకార వేతనము ఆమెకు రాలేదు. ఆ మాట విని ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు.

ఆ మరునాటినుండి తప్పు ఎక్కడ ఉన్నదో వెదకుటకు పూనుకొన్నాము. మొదట చేసినది తెలివితక్కువ పనియే. ఒకే దినమున తీగ మార్చి, కరెంటు అడాప్టరు మార్చి, పెట్టెను మరొక గోడకు తగిలించి, దానిలోని సాఫ్ట్‌వేరును క్రొత్తది చేశాము. సాయంత్రమునకు కొంత మెరుగైనట్లు తోచినది. మరునాడు మరల అదే అవస్థ. నాలుగు మార్పులు ఒక్కసారిగా చేయుటచే దేనివలన ఏమి జరిగినదో చెప్పుటకు వీలులేక పోయినది. ఉర్దూ శాఖలోని మా పెద్దలొకరు అంతయు చూచి, “జల్దీ కా కామ్ షైతాన్ కా” అని నవ్వినారు. అప్పటినుండి ఒక దినమునకు ఒక్క మార్పు మాత్రమే అని నియమము పెట్టుకొన్నాము.

ఒక కంప్యూటరును తీగతో నేరుగా ఆ పెట్టెకే కలిపి, ఫోనులన్నియు తడబడుచుండగా దానిని గమనించాము. దానిపై పేజీలు ఒక్కసారియైనను ఆగలేదు. కనుక బయటినుండి వచ్చు లైనులోను, పెట్టెకు అందు కరెంటులోను దోషము లేదని తేలినది. దోషము పెట్టెకును ఫోనుకును మధ్యనున్న గాలిలోనిదే.

ఆ గాలిని గూర్చి తెలిసికొన్న విషయము విద్యార్థి మిత్రులకు కూడ ఉపయోగించును. 2.4 గిగాహెర్ట్జ్ భాగమనగా 2400 నుండి 2483.5 మెగాహెర్ట్జ్ వరకు గల సన్నని పట్టీ. మన దేశమున 2005లో దీనిని లైసెన్సు లేకుండ వాడుకొనుటకు అనుమతించారు. అందుచే ఇది ఊరుమ్మడి బావివంటిది. ఇరుగుపొరుగు ఇండ్ల వైఫై, బ్లూటూత్ పరికరములు, వంటింటి మైక్రోవేవ్ పొయ్యి, అన్నియు ఇక్కడనే. ఇందు 13 ఛానెళ్ళున్నను, అవి 5 మెగాహెర్ట్జ్ దూరముననే ఒకదానిపై నొకటి పడియుండుటచే, 20 వెడల్పుతో ఒకరినొకరు ఒరసికొనకుండ వాడదగినవి మూడే: 1, 6, 11. వెడల్పును 40 చేసితిమా, పట్టీలో దాదాపు సగము మనమే ఆక్రమించినట్లు. 2009లో వెలువడిన 802.11ఎన్ ప్రమాణము ఈ 40ని ప్రవేశపెట్టినను, ఇరుగుపొరుగు పెట్టెలు కనిపించినచో 20కి తగ్గుటకు ఒక మర్యాదను కూడ ఏర్పరచినది. ‘40 మాత్రమే’ అని ఎంచుకొని మేము తీసివేసినది సరిగా ఆ మర్యాదనే.

మర్యాద అనుటలో అతిశయోక్తి లేదు. హవాయి విశ్వవిద్యాలయమున నార్మన్ అబ్రామ్‌సన్ బృందము 1971లో నడిపిన ‘అలోహా’ అను రేడియో వలలో ఎవరికి తోచినపుడు వారు మాటలాడేవారు. ఇద్దరి మాటలు ఢీకొన్నచో ఇద్దరును మరల చెప్పవలెను. అట్టి పద్ధతిలో కాలములో నూటికి 18 వంతులకు మించి ఫలించదని లెక్క. నేటి వైఫై ముందుగా వినును. ఎవరును మాటలాడుట లేదని తెలిసికొని, కొంత ఆగి, తరువాత పలుకును. ముషాయిరాలో దీపము తన ముందుకు వచ్చువరకు కవి వేచియుండు పాత ఆచారమువంటిదే యిది. మా పెట్టె వెడల్పు పెంచుకొన్నకొలది, అది వినవలసిన ఇరుగుపొరుగువారి సంఖ్య కూడ పెరిగినది. వీధిలోని దుకాణములు తెరచు వేళకు దానికి దీపము అందుటయే కష్టమైనది. అందినప్పుడును మరొకరి మాట అడ్డువచ్చి, చెప్పినదే మరల చెప్పవలసి వచ్చినది.

ఇంకొక సంగతి. మడి వెడల్పు రెండింతలైనంతమాత్రమున విత్తనములు పెరుగవు. పెట్టె వెలువరించు శక్తి అంతే; అది రెండింతల వెడల్పున పలుచనగును, చెవికెక్కు రొద మాత్రము రెండింతలగును. పెట్టె ప్రక్కన నిలుచున్నవానికి ఈ లోటు తెలియదు. రెండు రాతిగోడల ఆవల కూర్చున్న విద్యార్థినికి తెలియును.

ఇంతవరకు బోధపడినను, 5 గిగాహెర్ట్జ్ భాగమున పేరే మాయమగుట ఏలనో అర్థము కాలేదు. దానిని విప్పినది ఆ అమ్మాయియే. ఒకనాడు ఆమె తన నోటుపుస్తకపు కాగితమొకటి తెచ్చి మా బల్లపై పెట్టినది. సంబంధము తెగిన ప్రతిసారియు గడియారము చూచి వేళ వ్రాసికొన్నదట. మేము పెట్టెలోని దినచర్య పట్టికను తెరచి, ఆ కాగితమును ప్రక్కన పెట్టి చూచితిమి. ఆమె వ్రాసిన వేళలలో చాలవానికి ఎదురుగా ఒకే వాక్యమున్నది: రాడార్ గుర్తింపబడినది, ఛానెల్ మార్చబడుచున్నది.

2003లో జెనీవాలో జరిగిన ప్రపంచ రేడియో సమావేశము 5 గిగాహెర్ట్జ్ పరిసరమున వైఫైవంటి వానికి చోటిచ్చినది. కాని 5250 నుండి 5350 వరకును, 5470 నుండి 5725 వరకును గల భాగములందు రాడార్లకే ప్రాధాన్యము. అక్కడ పనిచేయదలచిన పెట్టె మొదట 60 సెకన్లు మౌనముగా వినవలెను. తరువాత ఎప్పుడు రాడార్ ధ్వనివంటిది తగిలినను 10 సెకన్లలో తప్పుకొనవలెను. 30 నిమిషములు ఆ ఛానెలునకు తిరిగి రారాదు. అది నిజమైన రాడార్ కానక్కరలేదు, అటువంటి స్పందన తోచినను చాలును. 36వ ఛానెలు మొదలుకొని 48 వరకు గల 80 మెగాహెర్ట్జ్‌లలో ఈ చిక్కు లేదు. 160 కావలెనన్నచో మాత్రము 64 వరకు పోవలెను. అనగా సగము రాడార్ల యింటిలో కాపురము. అక్కడనుండి తరిమినచో మా పెట్టె మరొక రాడార్ భాగమునకు పోయి, మరల ఒక నిమిషము మౌనము పాటించేది. ఆ నిమిషములో ఫోనులన్నియు 2.4లోనికి దూకేవి. అక్కడ రద్దీ సంగతి పైన చెప్పియే యున్నాము. దరఖాస్తు నింపుచున్నవారికి ఆ ఒక్క నిమిషము చాలును, మొదటి పేజీకి రావలసిందే.

తరువాత చేసినది స్వల్పము. మొదటినాడు 5 గిగాహెర్ట్జ్‌లో వెడల్పును 80కి తగ్గించి 36వ ఛానెలున నిలిపాము. రెండు దినములు గమనించి, 2.4లో 20కి తగ్గించాము. మరి రెండు దినములకు వీధిలోని పెట్టెలెక్కడ తక్కువగా ఉన్నవో చూచి 11వ ఛానెలు నెంచుకొన్నాము. చివరకు పెట్టెను కార్యాలయమునుండి పఠనమందిరపు ద్వారముపైకి మార్పించాము. మునుపు ఫొటో తీసిన అంకె ఇప్పుడు సగమునకు పడిపోయినది. మందిరములోని చివరి బల్ల దగ్గర మాత్రము పేజీ ఆగుట మానినది. ఆ అమ్మాయిని పిలిచి, వారము దినములు మరల వేళలు వ్రాయుమన్నాము. వారాంతమున ఖాళీ కాగితము తెచ్చి యిచ్చినది.

పెట్టె స్వస్థపడినదన్న సంతోషములో కూడ, ఆలస్యముగా స్వస్థపడినదన్న బాధ మమ్ము విడువలేదు. ఫిర్యాదు వచ్చిన మొదటిదినమే ఫిర్యాదు చేసినవారు కూర్చున్నచోటికి వెళ్ళి చూచియుండినచో, ఒక పేద యింటికి రావలసిన సొమ్ము పోయెడిది కాదు. మేము పరీక్షించినది పెట్టెను కాదు, మాకు వచ్చిన మెప్పును. పాఠము చెప్పుటయందును మేము చేయుచున్న పని ఇటువంటిదే కదా యని తోచినది. ముందు వరుసలోనివారు తల ఊపిరని ఎన్ని పర్యాయములు పుట తిప్పి ముందుకు సాగియున్నాము! చివరి బల్లలవారికి మాట అందినదో లేదో అక్కడికి వెళ్ళి నిలుచుండి చూచినది తక్కువ.

కమిటీవారికి ఒక విన్నపము. గడువుగల దరఖాస్తులను వైఫైకి వదలక, గ్రంథాలయమున నాలుగు కంప్యూటర్లను తీగతో కలిపి ప్రత్యేకముగా ఉంచవలెననియు, మొదటి పక్షములోనే దరఖాస్తులు ముగించు ఏర్పాటు చేయవలెననియు కోరుచున్నాము. దీనికగు ఖర్చు తీగకును, దానిని అమర్చు కూలికిని మాత్రమే.

ఇప్పుడా పెట్టె ప్రక్కన గోడకు ఒక కాగితము అంటించియున్నాము. వెడల్పు ఎంత, ఛానెలు ఏది, ఎందువలన అట్లుంచినదియు అందులో వ్రాసియున్నది. మార్చదలచినవారు ఒకసారికి ఒక్కదానినే మార్చి, చివరి బల్ల దగ్గర కూర్చుండి చూచిన పిమ్మటనే మరొకటి మార్చవలెనని క్రింద వ్రాయించాము. ఆ కాగితమును అందముగా వ్రాసియిచ్చినది కూడ ఆ విద్యార్థినియే. ఈ సంవత్సరము ఆమె తన దరఖాస్తును మొదటి వారముననే పంపి, రసీదును మాకు చూపించినది.