చోటు తెచ్చిందెవరు?

డిగ్రీ చివరి ఏడాదిలో జిల్లా వక్తృత్వ పోటీలో గెలిచాను. దాంతో రాష్ట్ర స్థాయి పోటీలో మా కాలేజీకి ఒక చోటు దక్కింది. వెళ్లింది మాత్రం నేను కాదు. కాలేజీలో మళ్లీ పోటీ పెడితే జూనియర్ ఒకడు నాకంటే బాగా మాట్లాడాడు. ''చోటు కాలేజీదయ్యా, నీది కాదు'' అన్నారు మా లెక్చరర్. ఆ మాట ముల్లులా గుచ్చుకుంది. తర్వాత రాజనీతి శాస్త్రంలో ప్రాతినిధ్యం గురించి ఎన్ని పుస్తకాలు చదివినా ఆ ముల్లు పోలేదు. చివరికి దాని సంగతి తేల్చింది ఫిగర్ స్కేటింగ్.

టీవీలో చూస్తే అది సంగీతం, మెరిసే దుస్తులు, గాలిలో గింగిరాలు. వెనక మాత్రం ఓట్ల లెక్కింపును తలపించే కూడిక ఉంది. ప్రపంచ చాంపియన్‌షిప్‌లో ఒక్కో విభాగంలో ఒక దేశానికి గరిష్ఠంగా మూడు చోట్లు. ఎన్నన్నది ముందటి ఏడాది ఫలితాలే తేలుస్తాయి. ఒక్కరే బరిలో ఉంటే, తొలి రెండు స్థానాల్లో నిలిస్తే మూడు చోట్లు, పదిలోపు నిలిస్తే రెండు. ఇద్దరో ముగ్గురో ఉంటే మెరుగైన ఇద్దరి స్థానాలను కలుపుతారు. మొత్తం 13 దాటకపోతే మూడు, 28 దాటకపోతే రెండు. ఒలింపిక్స్ ముందు ఏడాదిలో ఇదే కూడిక ఒలింపిక్స్ చోట్లకూ ఆధారం.

2016లో బోస్టన్‌లో అమెరికా పురుషుల్లో ఆడమ్ రిపన్ ఆరో స్థానంలో, మాక్స్ ఆరన్ ఎనిమిదో స్థానంలో నిలిచారు. మొత్తం 14. ఒక్క అంకెతో మూడో చోటు పోయింది. 2017లో హెల్సింకీకి ఇద్దరే వెళ్లారు. నాథన్ చెన్ 6, జేసన్ బ్రౌన్ 7. సరిగ్గా 13. బ్రౌన్ ఒక్క మెట్టు జారినా ఆ మూడో చోటు మళ్లీ చేజారేదే. తీరా 2018 జనవరిలో జాతీయ పోటీలో అతను ఆరో స్థానానికి పడిపోయాడు, ప్యాంగ్‌చాంగ్ జట్టులో చోటు దక్కలేదు. ఎముక విరిగి హెల్సింకీకి దూరమైన రిపన్ వెళ్లాడు.

అదే హెల్సింకీలో జపాన్ మహిళల లెక్క తప్పింది. మాయ్ మిహరా 5, వకాబా హిగుచి 11. మొత్తం 16. రెండే చోట్లు. ఆ రెండూ వేరేవాళ్లకు దక్కాయి. ఒలింపిక్స్‌కు వెళ్లలేకపోయిన హిగుచి నెల తిరిగేసరికి ప్రపంచ చాంపియన్‌షిప్‌లో రజతం గెలిచింది.

ఈ నిబంధనకు మరో ముఖమూ ఉంది. దాదాపు రెండేళ్ల విరామం తర్వాత కిమ్ యునా 2013లో కెనడాలోని లండన్‌కు వెళ్లేనాటికి మహిళల్లో దక్షిణ కొరియా తరఫున ఆమె ఒక్కతే. గెలిచింది. దాంతో 2014 సోచి ఒలింపిక్స్‌కు ఆమెతో పాటు పార్క్ సోయోన్, కిమ్ హేజిన్ కూడా వెళ్లగలిగారు. ఒకరి కష్టంతో ముగ్గురికి దారి దొరికింది.

ఇప్పుడు ఒలింపిక్స్ విషయంలో నిబంధన బిగిసింది. కూడిక కుదిరితే చాలదు, ముగ్గురూ రెండో అంచె అయిన ఫ్రీ స్కేట్‌కు చేరాలి. 2021లో చెన్ విజేతగా, బ్రౌన్ ఏడో స్థానంలో నిలిచినా, విన్సెంట్ జౌ ఫ్రీ స్కేట్‌కు చేరలేదు. మూడో చోటు కోసం అతను విడిగా అర్హత పోటీలో ఆడి నెగ్గాల్సి వచ్చింది.

మంచు ఆటలు మనకు దూరమే కానీ ఈ బాధ దూరం కాదు. షూటింగ్‌లో రుద్రాంక్ష్ పాటిల్ 2022లో కైరోలో 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ ప్రపంచ విజేతగా నిలిచి, భారత్‌కు పారిస్ ఒలింపిక్స్ కోటా తెచ్చాడు. 2024 ట్రయల్స్‌లో వెనకబడ్డాడు. ఆ విభాగంలో పారిస్‌కు వెళ్లినవారు సందీప్ సింగ్, అర్జున్ బబూతా.

ఇది అన్యాయమా? ఏడాది కిందట గెలిచినవాడి కంటే ఇవాళ బాగా ఆడేవాణ్ని పంపడమే దేశానికి న్యాయం. ఆ జూనియర్ నాకంటే బాగా మాట్లాడాడన్నదీ నిజం. నేను తెచ్చిన చోటు లేకపోతే అతను రాష్ట్ర వేదిక ఎక్కేవాడే కాదు. నేను వెళ్లలేదన్నదే ఇన్నేళ్లూ గుర్తుంచుకున్నాను, ఒకడు వెళ్లగలిగాడన్నది మరిచాను.

ఇప్పుడు ఆ విషయంలో ఫిర్యాదు లేదు. ఒక్క కోరిక మాత్రం ఉంది. వెళ్లేవారి జాబితా చదివేటప్పుడు ఆ చోటు తెచ్చినవారి పేరు కూడా చదవాలి. ఆ రోజు మా కాలేజీలో ఎవరూ చదవలేదు.