ద్వీపాంతరం నుంచి కోకా సుబ్బారావు గారిని తలచుకుంటూ

పోర్ట్ బ్లెయిర్

బావగారూ,

సెల్యులార్ జైలున్న ఈ ఊళ్లో ద్వీపాంతరవాసం అన్న మాట వినని వారుండరు. స్వతంత్ర భారతంలో ఆ శిక్షకు చట్టం ఏం అర్థం చెబుతుందో 1961లో తేల్చిన తీర్పు మాత్రం మన రాజమండ్రిలో పుట్టిన సుప్రీంకోర్టు న్యాయమూర్తి కోకా సుబ్బారావు గారు రాసింది. గాంధీజీ హత్య కేసులో యావజ్జీవ ద్వీపాంతర శిక్ష పడిన గోపాల్ గాడ్సే, రెమిషన్లన్నీ (శిక్ష తగ్గింపులు) కలిపితే తన గడువు తీరిపోయింది కాబట్టి వదిలేయాలని సుప్రీంకోర్టుకెళ్లాడు. సుబ్బారావు గారు ఒప్పుకోలేదు. చట్టంలో యావజ్జీవానికి ఇరవై ఏళ్లన్నది శిక్షలో భాగాలు లెక్కకట్టడానికే, యావజ్జీవమంటే ప్రాణమున్నంత కాలమూ, తగ్గించడం ప్రభుత్వం ఇష్టం అన్నారు. పౌరుడి స్వేచ్ఛ కోసం అంత పట్టుబట్టిన మనిషి ఇక్కడ సర్కారుకే వదిలేశారేమిటని మీరు అడుగుతారు. నాకు ఇందులో వైరుధ్యం కనిపించదు. చట్టం ఇచ్చిన హక్కు వేరు, ప్రభుత్వం చూపే దయ వేరు. దయను హక్కుగా మార్చే పని కోర్టుది కాదు. హక్కు దగ్గరికి వస్తే మాత్రం ఆయన రవ్వంత కూడా వదలలేదు. 1962లో ఖడక్ సింగ్ కేసులో, పోలీసుల నిఘా మొత్తం రాజ్యాంగ విరుద్ధమని ఆయన విడిగా రాసిన మాటకు 2017లో తొమ్మిదిమంది జడ్జీల ధర్మాసనం గోప్యత తీర్పులో బలం చేకూర్చింది.

హావ్‌లాక్

బావగారూ,

ఆయన ఆస్తిపరుల పక్షమని, గోలక్‌నాథ్ తీర్పుతో భూసంస్కరణలకు అడ్డుపడ్డారని మీ వాదన. 1967 ఫిబ్రవరి 27న ఆరుగురు ఒకవైపు, అయిదుగురు ఒకవైపు నిలిచిన ఆ తీర్పు, ప్రాథమిక హక్కుల్ని పార్లమెంటు తగ్గించలేదని చెప్పిన మాట నిజమే. కానీ అది ఇకముందుకే వర్తిస్తుందన్నారు. అప్పటిదాకా చేసిన సవరణలను, వాటి నీడన జరిగిన భూపంపిణీని కదిలించలేదు. జమీందార్లను కాపాడటమే ఉద్దేశమైతే ఆ జాగ్రత్త ఎందుకు? 1973లో కేశవానంద తీర్పు గోలక్‌నాథ్‌ను తోసిపుచ్చినా, రాజ్యాంగ మౌలిక స్వరూపాన్ని ముట్టుకోరాదని పార్లమెంటుకు హద్దు గీసింది. ఆ హద్దు అవసరమని ముందే పట్టుబట్టింది ఈయనే.

ఒక అభ్యంతరం మాత్రం నేనూ ఒప్పుకుంటాను. 1967 ఏప్రిల్ 10న విదేశాలకు వెళ్లడం పౌరుడి స్వేచ్ఛలో భాగమనీ, పాస్‌పోర్టు అధికారుల దయ మీద ఆధారపడరాదనీ తీర్పిచ్చారు. మర్నాడే ప్రధాన న్యాయమూర్తి పదవికి రాజీనామా చేసి, ప్రతిపక్షాల తరఫున రాష్ట్రపతి ఎన్నికకు నిలబడ్డారు. జాకిర్ హుస్సేన్ గారికి 4,71,244 ఓట్ల విలువ వస్తే ఈయనకు 3,63,971. జడ్జి బల్ల దిగీదిగగానే అభ్యర్థి కావడం తప్పే, ఆయన తీర్పులన్నిటిమీదా అనుమానం పడేలా చేసింది. అయినా ఆ పాస్‌పోర్టు తీర్పు నిలబడింది. అదే ఏడాది పార్లమెంటు పాస్‌పోర్టుల చట్టం చేసి, నిరాకరిస్తే కారణం రాసి చూపమని అధికారుల్ని కట్టడి చేసింది.