మా అమ్మాయి సైకిలు



2023 జనవరిలో, క్రిస్మస్ పండుగలు, క్రొత్త సంవత్సరపు ఆరాధనలు అన్నీ ముగిసిన తరువాత, మా మండల కేంద్రానికి వెళ్ళి రక్తపరీక్ష చేయించుకున్నాను. అప్పటికి రెండు నెలలుగా రాత్రిపూట మూడు నాలుగుసార్లు లేవవలసి వస్తోంది. ప్రసంగం మధ్యలో నోరు ఎండిపోతోంది. పండుగల అలసట అనుకుని ఊరుకున్నాను. పరగడుపున షుగరు 164 వచ్చింది. బి.పి. 150/94. బరువు 86 కిలోలు. నా ఎత్తు అయిదడుగుల అయిదంగుళాలు, వయసు అప్పటికి 45 ఏళ్ళు. పరగడుపున 126 గాని అంతకు మించి గాని ఉండి, మరోసారి చూసినా అలాగే ఉంటే అది షుగరు వ్యాధేనని డాక్టరుగారు చెప్పారు. మరోసారి చూశారు. అలాగే ఉంది.

డాక్టరుగారు ఇంకా ఏదో చెబుతున్నారు గాని, నా కళ్ళముందు మా నాన్నగారి కుడికాలు మెదులుతోంది. ఆయన ఎలిమెంటరీ స్కూలు టీచరు. ఒకసారి పాదంలో తుమ్మముల్లు విరిగితే ఆయనకు తెలియనే లేదు. షుగరు చాలాకాలం అదుపులో లేకపోతే పాదాల నరాలు మొద్దుబారి నొప్పి తెలియకుండా పోతుంది. తెలిసేసరికి పుండు ఎముకదాకా వెళ్ళింది. మోకాలి క్రింద తీసివేశారు. రెండేళ్ళు మంచాన ఉండి 2007లో ప్రభువునందు నిద్రించారు. ఎడమది మాత్రమే అరిగిన ఆ చెప్పుల జత ఇంకా మా అమ్మ పెట్టెలోనే ఉంది.

ఇంటికి వచ్చాక నా భార్యకు తప్ప ఎవరికీ చెప్పలేదు. రోగుల తలమీద చెయ్యివేసి ప్రార్థించే మనిషికే రోగం వచ్చిందంటే సంఘం ఏమనుకుంటుంది? నిజం చెప్పాలంటే ఆ రోజుల్లో నన్ను ఎక్కువగా బాధించింది షుగరు కాదు, ఈ సిగ్గే.

అసలు ఈ స్థితికి ఎలా వచ్చానో చెబుతాను. 2002లో పరిచర్యకు వచ్చినప్పుడు నాకు ఉన్నది ఒక పాత సైకిలు. మాది పశ్చిమ గోదావరి డెల్టా. కాలువ గట్లవెంట అయిదు ఊళ్ళు తిరగాలి. రోజుకు పదిహేను, ఇరవై కిలోమీటర్లు త్రొక్కేవాడిని. ఎదురుగాలి వీచిన రోజున ఆరు కిలోమీటర్లకే ప్రాణం తోకకు వచ్చేది గాని, ఎంత తిన్నా ఒంటికి పట్టేది కాదు. 2011లో సంఘమంతా కలిసి నాకు మోటారు సైకిలు కొనిపెట్టింది. అందులో స్త్రీల సమాజంవారి పిడికెడు బియ్యం సొమ్ము కూడా ఉంది. పూటపూటకీ ఎసట్లో పోసేముందు ఒక పిడికెడు తీసి పక్కన పెట్టి, ఆ బియ్యం అమ్మగా వచ్చిన డబ్బు అది. ఆ బండి తాళాలు చేతికి తీసుకున్ననాడు నా కళ్ళు చెమర్చాయి.

ఆ రోజునుండి నా కాళ్ళు విశ్రాంతి పుచ్చుకున్నాయి. తిండి మాత్రం తగ్గలేదు. గృహప్రార్థనకు వెళితే టీ, మిక్చరు, పుట్టినరోజు అయితే కేకు, డిసెంబరు నెలంతా ఇంటికొక విందు. వద్దంటే నొచ్చుకుంటారు. "అయ్యగారూ, మా ఇంట్లో తినరాండీ?" అని అడిగితే ఏ పాస్టరు నోట మాట వస్తుంది? ఎవరైనా వ్యాయామం ఊసెత్తితే, పౌలు తిమోతికి వ్రాసిన మొదటి పత్రిక నాలుగవ అధ్యాయం తీసి వాళ్ళ నోరు మూయించేవాడిని. ఆ మాట మళ్ళీ నెమ్మదిగా చదువుకుంటే, అపొస్తలుడు శరీర సాధనను కొట్టివేయలేదని, భక్తి ప్రక్కన దాని విలువ ఎంతో చెప్పాడని అర్థమైంది. పైగా ఆయన ఊరూరూ కాలినడకన తిరిగినవాడు. బండిమీద తిరిగే నేను ఆయన మాటను నా సోమరితనానికి అడ్డం పెట్టుకున్నాను.

మా అమ్మాయి హాస్టలుకు వెళ్ళిన తరువాత ఆమె సైకిలు పశువుల పాకలో గోడకు ఆనించి ఉండిపోయింది. టైర్లలో గాలి లేదు, చైను తుప్పు పట్టింది. రెండు ట్యూబులు మార్పించి, చైనుకు నూనె వేయించి ఒక తెల్లవారుజామున బయలుదేరాను. లేడీస్ సైకిలు గనుక కాలు పైకెత్తి వేసే బాధ లేదు. ఎత్తమన్నా నా కాలు ఎత్తే స్థితిలో లేదు. లాకులు మా ఇంటికి కిలోమీటరు దూరం. అక్కడికి చేరేసరికి ఊపిరి అందక గట్టుమీద కూలబడ్డాను. నాలుగు రోజులకు రెండు మోకాళ్ళూ నొప్పులు. ఇక మానేద్దామని సైకిలు షాపుకు తీసుకువెళితే, షాపతను నన్ను ఎక్కించి ఒకసారి చూసి, "సీటు పిల్లలకి పెట్టినంత క్రిందికి ఉందండి. పెడలు అడుగుకు వచ్చినప్పుడు దానిమీద మడమ పెడితే కాలు తిన్నగా రావాలండి. పాదం ముందుభాగంతో త్రొక్కితే మోకాలు కాస్త వంగి ఉంటుంది" అని రెండంగుళాలు పైకి లేపాడు. వారంలో మోకాలి నొప్పి పోయింది. డిప్లొమా నాకు ఉంది, జ్ఞానం అతనికి ఉంది.

అయితే అసలు చిక్కు అప్పుడు వచ్చింది. నెల తిరక్కుండానే సంఘంలో గుసగుసలు మొదలయ్యాయి. అయ్యగారు బండి అమ్మేశారట, అమ్మాయి ఫీజు కట్టలేకపోతున్నారట. ఒక సంఘపెద్ద నేరుగా వచ్చి, "ఏంటండీ అయ్యగారూ, మేం ఇచ్చిన బండి అచ్చిరాలేదాండీ? ఆడపిల్ల సైకిలుమీద తిరుగుతుంటే ప్రక్క ఊరివాళ్ళు మమ్మల్ని అడుగుతున్నారండీ" అన్నారు. ఒక పెద్దామె, విధవరాలు, ఒక సంచిలో బియ్యం తెచ్చి మా గుమ్మంలో పెట్టి కళ్ళు తుడుచుకుంటూ వెళ్ళిపోయింది. ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు.

మరుసటి ఆదివారం ఆరాధన ముగిశాక అందరినీ కూర్చోమని ఉన్నది ఉన్నట్టు చెప్పాను. నాకు షుగరు వచ్చింది, మాత్రలు వేసుకుంటున్నాను, బండి ఇంట్లోనే ఉంది, దూరపు ఊళ్ళకూ రాత్రివేళ పిలుపులకూ అదే వాడతాను, దగ్గర ఊళ్ళకు సైకిలు అని. మందిరంలో ఎవరూ మాట్లాడలేదు. ఆ వారంలో పదకొండు మంది ఒక్కొక్కరే వచ్చి తమకూ షుగరు ఉందని చెప్పారు. వారిలో ఇద్దరు, మాత్రలు వేసుకుంటే విశ్వాసం లేనట్టు అవుతుందని మానేసినవారు. నేను దాచిపెట్టిన ఆ మూడు నెలలు ఇలాంటివారికి ఏమి నేర్పానో అని భయమేసింది. వారిద్దరినీ నేనే బండిమీద ఆసుపత్రికి తీసుకువెళ్ళాను.

మన దేశంలో 10 కోట్లకు పైగా షుగరు రోగులున్నారని భారత వైద్య పరిశోధన మండలి సహాయంతో జరిగిన సర్వే 2023లో తెలిపింది. మరో 13 కోట్ల 60 లక్షల మంది దాని గుమ్మంలో నిలబడి ఉన్నారు. మాత్రలు ఉండగా ఈ త్రొక్కుడు దేనికని ఒక సహోదరుడు అడిగారు. కండరం పనిచేస్తున్నప్పుడు రక్తంలోని చక్కెరను ఇన్సులిన్ సాయం లేకుండానే లోపలికి లాగుకుంటుంది. మన శరీరంలో పెద్ద కండరాలు తొడలలోను పిరుదులలోను ఉన్నాయి. సైకిలు పని చేయించేది వాటితోనే. శరీర శ్రమకూ గుండెకూ ఉన్న సంబంధం లోకానికి తట్టింది లండను బస్సుల దగ్గర. రోజంతా కూర్చునే డ్రైవర్లకంటే, రెండంతస్తుల బస్సుల్లో మెట్లెక్కి దిగే కండక్టర్లకు గుండెజబ్బు తక్కువని జెర్రీ మోరిస్ అనే వైద్యుడు 1953లో ప్రకటించాడు. కూర్చుని పనిచేసే గుమాస్తాలకంటే నడిచి, సైకిలెక్కి ఉత్తరాలు పంచే పోస్టుమ్యాన్లకు కూడా అలాగే తక్కువట.

వారానికి కనీసం 150 నిమిషాలు ఓ మోస్తరు శ్రమ అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. రోజుకు అరగంట, అయిదు రోజులు. ఓ మోస్తరు అంటే ఎంత? ప్రక్కవారితో మాట్లాడగలగాలి గాని పాట పాడలేకపోవాలి. కీర్తన ఎత్తుకోగలిగితే ఇంకొంచెం గట్టిగా త్రొక్కాలన్నమాట. పాస్టరుకు ఇంతకంటే తేలికైన కొలత ఏముంటుంది?

సైకిలు ఒక్కటే చాలదని కూడా నేర్చుకున్నాను. శరీర భారం సీటు మోస్తుంది గనుక ఎముకలకు అంత బలం రాదు. నలభై దాటాక కండ మెల్లగా కరుగుతూ ఉంటుంది. అందుకని వారానికి మూడు రోజులు కుర్చీలోనుండి చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడం, గోడకు చేతులు ఆనించి తోయడం చేస్తున్నాను. రాత్రి భోజనమయ్యాక పది నిమిషాలు నడక. హవాయి చెప్పులు మానేసి బూట్లు వేసుకుంటున్నాను. పడుకునేముందు నా భార్య అద్దం పట్టుకుంటే అరికాళ్ళు చూసుకుంటాను. జేబులో నాలుగు చక్కెర బిళ్ళలు ఉంటాయి. కొన్ని రకాల షుగరు మాత్రలు వేసుకునేవారికి శ్రమలో చక్కెర ఒక్కసారిగా పడిపోవచ్చు. ఛాతీలో నొప్పి, ఆయాసం ఉన్నవారు మాత్రం ముందు డాక్టరుకు చూపించుకుని మొదలుపెట్టండి.

పొద్దుటినుండి నాట్లు వేసివచ్చిన సహోదరికి వ్యాయామం చెయ్యమని చెప్పడానికి నాకు నోరు రాదు. కాని మన ఊళ్ళలో ఇప్పుడు కోత మిషన్లు కోస్తున్నాయి, ప్రక్క వీధిలో కిరాణా కొట్టుకు కూడా బండిమీదే వెళుతున్నాం. తాతల తిండి మిగిలింది, తాతల పని పోయింది.

మా గట్టు రోడ్డు ఏమంత సుఖంగా లేదు. చేపల లారీలు తిరిగి గోతులు పడ్డాయి. వానాకాలంలో వారానికి రెండు రోజులు ఎగ్గొట్టక తప్పదు. ఒక డిసెంబరులో పది రోజులు సైకిలు తాకలేదు, రెండు కిలోలు పెరిగాను. అయినా ఏడాది తిరిగేసరికి బరువు 78కి వచ్చింది. మూడు నెలల సగటు పరీక్ష 8.1 ఉన్నది 6.6కు దిగింది. డాక్టరుగారు ఒక మాత్ర తీసివేశారు. ఇంకొకటి వేసుకుంటున్నాను. ఇళ్ళలో టీ ఇప్పుడు పంచదార లేకుండానే ఇస్తున్నారు. బియ్యం తెచ్చిన పెద్దామె అయితే, "అయ్యగారికి మజ్జిగ" అని ముందే చెప్పి ఉంచుతుంది.

మొన్న సెలవులకు వచ్చిన మా అమ్మాయి తన సైకిలెక్కబోయి, "నాన్నగారూ, సీటు నాకు అందడం లేదు" అంది. ఇప్పుడు కిటికీలో ఒక పానా పెట్టుకున్నాం. తను వచ్చినప్పుడు దించుతాం, వెళ్ళాక నేను మళ్ళీ ఎత్తుకుంటాను.