కాళ్ళ కింద సొరంగం

మా గుంటూరు వైపు ఏ ఊరికైనా ఒక పాత గుడి, ఒక కొండో దిబ్బో, ఒక ఎండిపోయిన బావి ఉంటే చాలు, సొరంగం దానంతటదే వచ్చి చేరుతుంది. ఎవరూ పలుగూ పారా పట్టక్కర్లేదు. "ఇక్కడ దిగితే అక్కడ తేలతారంట" అన్న మాట ఒక్కటి సరిపోతుంది. ఆ 'అక్కడ' ఎప్పుడూ చిన్నాచితకా ఊరు కాదు. కృష్ణ ఒడ్డు, కొండవీడు, బెజవాడ అమ్మవారి కొండ, ఇంకా పడమటికి పోతే శ్రీశైలం. వట్టిచెరుకూరు నుంచి ప్రత్తిపాడుకు సొరంగం ఉందని నాకు ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు.

కథకు కావలసిన సరంజామా కూడా ఊరూరికీ మారదు. పరీక్ష కోసం ఒక మేకను లోపలికి తోలతారు. అది మూడోనాడు అవతలి కొసన ఒళ్ళంతా గీరుకుపోయి బయటపడుతుంది. కోనేట్లో వేసిన నిమ్మకాయ కృష్ణలో తేలుతుంది. దాని కోసం కృష్ణ ఒడ్డున కాపు కాసి పట్టుకున్నవాడి పేరు మాత్రం ఎవరికీ తెలియదు. దివిటీ పట్టుకుని దిగినవాడికి నాలుగడుగులు పోగానే దివిటీ ఆరిపోతుంది. పెళ్ళివారు దిగితే తిరిగి రారు. చివరికి ఒక దొర, సాధారణంగా కలెక్టరు, వచ్చి మూతికి గోడ కట్టిస్తాడు. వీటిలో దివిటీ సంగతి ఒక్కటి గుర్తుంచుకోండి, దానితో తర్వాత పని ఉంది.

ఇలాంటి కథల్లో నాకు బాగా నచ్చింది మంగళగిరిది. కొండ మీద పానకాలస్వామి నోట్లో బెల్లం పానకం పోస్తారు. గుటక వేసిన చప్పుడు ఆగాక మిగిలిన సగం మనకు ప్రసాదం. ఆ గుడి వెనక అమ్మవారి గుడి, దానికి పడమటగా ఒక చీకటి బిలం. దాంట్లోంచి ఋషులు ఉండవల్లి గుహలకు నడిచిపోయి, కృష్ణలో స్నానం చేసి వచ్చేవారని చెబుతారు. ఉండవల్లి కొండ చెక్కడం 4, 5 శతాబ్దాల నాటిదంటారు. నాలుగంతస్తుల రాతి మేడ, లోపల ఒకే రాతిలో పడుకున్న అనంతపద్మనాభుడు. అక్కడ కూడా ఏదో ఒక మూల చూపించి "ఇది మంగళగిరికి పోతుందండీ" అనేవాళ్ళకు కొదవ లేదు. రెండు కొండల మధ్య సూటిగా కొలిస్తే 7 కిలోమీటర్లు ఉంటుందేమో. తక్కిన సొరంగాలన్నీ రాజులు పారిపోవడానికి, లేకపోతే బంగారం దాచడానికి. ఇది ఒక్కటే స్నానానికి. మే నెలలో మంగళగిరి మెట్లు ఎక్కి దిగినవాళ్ళెవరూ ఋషులకు వంక పెట్టరు.

కొండవీటి కోట నుంచి ఉండవల్లికి సొరంగం ఉందన్న కథకు మాత్రం నా ఒప్పుదల లేదు. అది లెక్కకు అందదు. కొండవీటి నుంచి ఉండవల్లికి సూటిగా 43 కిలోమీటర్లు. మనిషి నడిచేంత, అంటే 2 మీటర్ల ఎత్తు, మీటరున్నర వెడల్పున తవ్వారనుకోండి. లక్షా ఇరవై తొమ్మిది వేల ఘనపు మీటర్ల మట్టి వస్తుంది. ఈనాటి ట్రాక్టర్ ట్రక్కుకు మూడేసి చొప్పున చూసినా 43 వేల ట్రక్కులు. అంత మట్టినీ రహస్యంగా ఎక్కడ పోశారు? పైగా దారి పొడుగునా చాలాచోట్ల రేగడి. వానకు ఉబ్బి ఎండకు బీటలిచ్చే నేల అది. ఆ నేలలో ఇంటి పునాదే నిలవదని మేస్త్రీలు మొత్తుకుంటారు. కొండరాయి దాటి ఒక్క ఫర్లాంగు పోతే సొరంగం కూలబడాల్సిందే.

అదే కొండవీటి కింద గోపీనాథస్వామి గుడి ఉంది. జనం పిలిచేది కత్తుల బావి అని. ఒంగి ఒక్కొక్కరే దూరాల్సిన వాకిలి పెట్టి, విందుకు పిలిచిన రెడ్డి నాయకుల్ని లోపలికి వచ్చినవాణ్ణి వచ్చినట్టు నరికి, కత్తులు పాతిన బావిలో పడేశారట. చేయించింది కృష్ణరాయల పక్షం వాళ్ళట. రాయలు కొండవీడు పట్టుకున్నది 1515లో. అప్పటికి కోటలో ఉన్నది గజపతులు. రెడ్డిరాజుల ఏలుబడి ముగిసి తొంభై ఏళ్ళు కావస్తోంది. అయినా నలుగురు కలిసి ఆ గుడికి వెళితే, లోపలికి దిగేముందు ఒకళ్ళతో ఒకళ్ళు "నువ్వు ముందు పోరా" అంటారు. తేదీలకు అంత బలం లేదు.

నిజం సొరంగాల సంగతికొస్తే, లండన్ వాళ్ళకు నగరం కింద తపాలా సంచుల కోసమే ఒక బుల్లి రైలు 1927 నుంచి 2003 దాకా నడిచింది. గుంటూరులో భూమట్టానికి దిగువన దారి అంటే రైలు పట్టాల కింద మూడు వంతెనల లాంటివే. వానాకాలంలో ఒక గంట కురిస్తే అక్కడికి నీళ్ళు చేరతాయి, పడవ ఒక్కటే తక్కువ. కృష్ణ దాటి బెజవాడ పోతే చిట్టినగర్ సొరంగం నిజంగానే కొండను తొలుచుకుని ఉంది. కానీ దాంట్లోంచి ఆటోలు తిరుగుతున్నాయి కాబట్టి ఎవరూ కథలు అల్లలేదు. పోయినవాళ్ళు ఇంటికి తిరిగొచ్చే సొరంగం ఎవడికి కావాలి?

పోయిన రైళ్ళు మనకూ లేకపోలేదు. గుంతకల్లు నుంచి గుంటూరు దాకా, గుంటూరు నుంచి మాచర్ల దాకా మీటరు గేజి బళ్ళు నడిచిన రోజులు ఇప్పటి తాతలకు గుర్తే. 1990లలో గేజి మారింది. ఎక్కువ చోట్ల పాత కట్ట మీదే కొత్త పట్టాలు వేశారు కాబట్టి, పాత దారి కొత్తదాని కింద అణిగిపోయింది. గిద్దలూరు దాటి దిగువమెట్ట అవతల నల్లమలలో మాత్రం అలా కుదరలేదు. అక్కడ కొత్త లైను వేరే దారి పట్టి బొగద సొరంగంలోంచి పోయింది. 1880లలో తెల్లవాళ్ళు కట్టిన దొరబావి వంతెన దారి అడవికి మిగిలిపోయింది. పులులు తిరిగే చోట రైలు తిరగని వంతెన! ఇంకే దేశంలోనైనా దీని మీద పాతిక దయ్యాల కథలు పుట్టేవి. మనవాళ్ళు ఆ లోయలో పోసిన శ్రద్ధంతా దొర బావి ఎందుకు తవ్వించాడన్న దాని మీదే.

సొరంగం తవ్వడం ఎంత పనో తెలియాలంటే దోర్నాల దాకా పోవాలి. పూల సుబ్బయ్య వెలిగొండ ప్రాజెక్టు కోసం కొల్లంవాగు నుంచి నల్లమల కింద రెండు సొరంగాలు పక్కపక్కనే తవ్వారు. ఒక్కొక్కటీ 18.8 కిలోమీటర్లు. ఒకదాని వ్యాసం 7 మీటర్లు, రెండోదానిది 9.2 మీటర్లు. 1996లో శంకుస్థాపన. మొదటిది అటు కొసకు తేలింది 2021లో, రెండోది 2024 జనవరిలో. విదేశీ యంత్రాలు, వేల టన్నుల కాంక్రీటు, యంత్రం మొరాయించిన చోట చేత్తో తవ్వకం. శంకుస్థాపన నాడు చెంబు పట్టుకుని చూసిన మార్కాపురం కుర్రాడు సొరంగం పూర్తయ్యేసరికి తాతయ్యే వయసుకు వచ్చాడు. కొండవీటి సొరంగం దీనికి రెట్టింపు కంటే ఎక్కువ పొడవు, చెప్పినవాళ్ళకు పట్టిన సమయం ఒక బీడీ కాలేంత.

వీధులు దాగిన చోటు కావాలంటే అదీ మన దగ్గరే ఉంది, మట్టి కింద కాదు, నీళ్ళ కింద. ఇక్ష్వాకుల విజయపురి. 1926లో నాగార్జునకొండ లోయలో శిథిలాలు వెలుగు చూశాయి. సాగర్ డ్యాము కట్టాలనుకోవడంతో లోయ మునగడం ఖాయమైపోయింది; 1955 డిసెంబరులో నెహ్రూ దానికి పునాదిరాయి వేశారు. 1954 నుంచి 1960 దాకా పురావస్తు శాఖవాళ్ళు వచ్చే నీళ్ళతో పందెం వేసినట్టు తవ్వారు. విహారాలు, స్నానఘట్టాలు, చుట్టూ మెట్లున్న ఆటస్థలం బయటపడ్డాయి. మోయగలిగినవి కొండ మీదికీ ఒడ్డునున్న అనుపుకూ చేర్చారు. మిగతాదంతా జలాశయంలో కలిసిపోయింది. లాంచీలో కొండకు పోయేవాళ్ళు నిజంగానే ఒక రాజధాని మీదుగా పోతారు. లాంచీలో ఎవరూ నీళ్ళకేసి చూసి గుసగుసలాడరు, జంతికల పొట్లాం విప్పుతారు. ప్రభుత్వం బోర్డు పెట్టి మరీ చెప్పిన రహస్యం రహస్యం కాదు కదా.

దిబ్బల సంగతి ఇంతకంటే పాపం. అమరావతిలో దీపాలదిన్నెను 18వ శతాబ్దం చివర్లో వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడి మనుషులు రాయి కోసం, నిధి కోసం తవ్వబోతే చెక్కిన సున్నపురాళ్ళు తగిలాయి. 1797లో మెకంజీ చూడబోయింది ఆ కబురు విని. ఆ రాళ్ళిప్పుడు కొన్ని చెన్నై మ్యూజియంలో, కొన్ని లండన్‌లో. భట్టిప్రోలు దిబ్బను ఊరివాళ్ళు ఒక వేశ్య మేడ అనుకున్నారు, పేరు కూడా అలాగే పెట్టారు. 1892లో అలెగ్జాండర్ రీ తవ్వితే బ్రాహ్మీ అక్షరాలున్న రాతి కరండాలు దొరికాయి. మేడ అనుకున్నవాళ్ళకు అడుగున ఏదో ఉందని తెలుసు. ఏముందన్నది మాత్రం తప్పారు.

ఇక అసలు సంగతి. మా ఊళ్ళ కింద మనిషి చేత్తో తవ్విన చీకటి ఒకప్పుడు ఇంటింటికీ ఉండేది. పాతర. పత్తీ మిరపా ఇంతగా రాకముందు పల్నాడులో, ఒంగోలు వైపు మెట్టలో తిండి జొన్న. కొండవీటి విద్యాధికారి శ్రీనాథుడు పల్నాటి జొన్నకూటిని చాటువుల్లో వెక్కిరించాడని చెప్పుకుంటారు. ఆ జొన్నలు ఉండేది నేలలోనే. నీరు ఊరని గట్టి నేల చూసి, వాకిట్లోనో వీధి పక్కనో మనిషి దిగేంత మూతి పెట్టి, లోపల కూజాలా వెడల్పు చేస్తూ తవ్వేవారు. గోడలకు పేడ అలికి, లోపల మంట వేసి ఆరబెట్టి, చుట్టూ గడ్డి పరిచి జొన్నలు పోసేవారు. పైన మళ్ళీ గడ్డి, బండ, దాని మీద మట్టి మెత్తి గుమ్మటం. దాని మీద నుంచే బళ్ళు నడిచేవి.

తీసేటప్పుడు భయం. బండ తొలగించగానే ఎవరూ దిగేవారు కాదు. పులిసిన వాసన పోయేదాకా మూతి తెరిచి ఉంచేవారు. ఆ తర్వాత తాడుకు లాంతరు కట్టి దింపేవారు. గింజ కూడా ఊపిరి పీలుస్తుంది. మూసిన గుంటలో ప్రాణవాయువు అయిపోయి, బరువైన బొగ్గుపులుసు గాలి అడుగున నిలుస్తుంది. లాంతరు కొండెక్కితే ఆ రోజుకు పాతర మూత పడ్డట్టే. తొందరపడి దిగినవాడు పైకి రాడు, వాడి కోసం దిగినవాడూ రాడు. సొరంగంలో ఆరిపోయే దివిటీ, తిరిగి రాని పెళ్ళివారు ఎక్కడి నుంచి వచ్చారో నాకైతే ఇక్కడే దొరికింది.

ఇప్పుడు పండేది మిరప. దాన్ని గుంటూరు చుట్టూ కోల్డ్ స్టోరేజీల్లో టిక్కీ బస్తాలుగా పేరుస్తారు. పాతరలు కొన్ని పూడ్చారు, కొన్నిటిని బండతోనే వదిలేసి మరిచిపోయారు. ఇలాంటి వీధిలో సిమెంటు రోడ్డుకని ప్రొక్లెయినరు దిగితే దాని గొలుసుపట్టా ఒకపక్క కుంగుతుంది. కింద నల్లటి గుంట. పావుగంటలో ఊరంతా పోగవుతుంది. సెల్‌ఫోన్ లైట్లు వేసి చూస్తారు. "ఇదేరా, కొండవీటికి పోయేది" అని ఒక పెద్దాయన తేల్చేస్తాడు. ఎవరో మేక కోసం కూడా చూస్తారు. కాంట్రాక్టరు మాత్రం మేస్త్రీనే అడుగుతాడు.

"లోతెంతుంటదయ్యా?"

"పాతరేనండీ. రెండు ట్రక్కుల గ్రావెలు పట్టుద్ది. ఎస్టిమేటులో లేదు, ఇంజనీరుగారికి ముందే చెప్పండి."