మధుకరం

అచ్యుతాపురం వంటి ఊళ్ల ఆలయాలలో నేటికీ వినవచ్చే ఘంటసాల గీతాగానం వెనుక ఒక బాలుని క్షుధ దాగి ఉన్నది. 1922లో చౌటపల్లిలో జన్మించిన వేంకటేశ్వరరావుకు బాల్యంలోనే పితృవియోగం కలిగింది. కుమారుడు సంగీత విద్వాంసుడు కావాలన్నది తండ్రి అంతిమకాంక్ష. కౌమారంలో ఇంట ఎవరికీ చెప్పక, చేతి ఉంగరం విక్రయించి విజయనగరం చేరాడు. సంగీత కళాశాలకు అప్పుడు వేసవి సెలవులు! కరుణామయులు పట్రాయని సీతారామశాస్త్రిగారు ఆశ్రయమిచ్చారు. కాని ఆ గృహంలోనూ లేమియే. జోలె కట్టి ఇంటింటా మధుకరం ఎత్తాడు. బ్రహ్మచారికి భిక్షాటనం అహంకారక్షయార్థమని పెద్దలు చెప్పగా తల ఊపుట మనకు సులభం. ఇల్లు విడిచివచ్చిన ఆ బాలునికి అది రెండు పూటల అన్నం. దాచుకొన్న అన్నానికి చీమలు పట్టేవి. వాటి నుండి కాపాడుకొనుటకు ఒక డబ్బా కొనుక్కున్నాడు.