ఏనుగు మీద అనంతపురానికి

మా ఇంట్లో ఒక ఏనుగు ఉంది. వయసు పద్దెనిమిదేళ్లు దాటింది. తాగేది డీజిల్. లీటరుకు పది కిలోమీటర్లు నడిచిన రోజు నాన్న ముఖంలో పండగ కళ కనిపిస్తుంది. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో దాన్ని తిప్పాలంటే వాచ్‌మన్ వచ్చి 'రైట్... రైట్...' అనాల్సిందే. అమ్మ విసుక్కుంటూ ఒకసారి ఏనుగంది. పిల్లలకు అదే పేరయిపోయింది.

1994లో సుమో, 1998లో సఫారీ, 2000లో క్వాలిస్, బొలెరో, 2002లో స్కార్పియో... మన రోడ్ల మీదికి ఒకదాని వెనక ఒకటి వచ్చిన ఎత్తు బండ్ల తరం గుర్తుందా? మాది ఆ కోవలోదే, 2007 నాటిది. పదిహేనేళ్లు నిండాక 2022లో ఫిట్‌నెస్ చేయించి, మరో ఐదేళ్లకు రిజిస్ట్రేషన్ పొడిగించుకొచ్చారు నాన్న. ఆ రోజు ఇంట్లో అందరికీ మైసూర్‌పాక్!

నిరుడు ఆషాఢంలో అవ్వ సంవత్సరీకానికి అనంతపురం వెళ్లాల్సి వచ్చింది. నాన్నకు కంటి ఆపరేషన్ అయి రెండు వారాలే. మా ఆయనకేమో గేర్లు లేని బండి తప్ప రాదు. "రైలుకు పోదాం" అంది అమ్మ. ఆరుగురికి ఒక్క టికెట్టూ దొరకలేదు. నాన్న కాసేపు తాళంచెవి వైపు, కాసేపు నా వైపు చూసి, "నువ్వు నడుపు పాపా" అన్నారు. ఊళ్లో తిప్పాను గానీ, ఆ బండిని హైవే ఎక్కించడం నాకదే మొదలు.

ముందురోజు సాయంత్రం టైర్ల పరీక్ష. గాలి ఒక్కటే కాదు, టైరు పక్కన అచ్చేసి ఉండే నాలుగంకెలు కూడా చూడమన్నారు. 2219 అని ఉంటే 2019లో ఇరవై రెండో వారంలో తయారైందని అర్థం. గాడులు కొత్తగా కనిపించినా రబ్బరు ముసలిదైతే పనికిరాదట. పైన క్యారియర్ మీద పెట్టిన మామిడి పండ్ల బుట్టలను కిందికి దింపించి సీట్ల వెనక సర్దించారు. "నెత్తిన బరువుంటే మలుపులో ఊగుతుంది." అమ్మ గొణిగింది. పిల్లల కాళ్లకు చోటు లేదు మరి.

తెల్లవారుజామున ఐదింటికి బయల్దేరాం. షాద్‌నగర్ దాటేసరికి నాకు బండి మీద ప్రేమ పుట్టుకొచ్చింది. ఎత్తు మీద కూర్చుంటాం కదా, ముందు నాలుగైదు బండ్ల అవతల ఏముందో కనబడుతుంది. చిన్న కారు ఎగిరిపడే అతుకుల మీద ఇది ఊరికే 'ఊఁ' అని దాటేస్తుంది. కింది గేర్లలో మాత్రం బద్ధకం. నొక్కగానే ఉరకదు, టర్బో అందుకునేదాకా ఒక క్షణం ఆగాలి. లారీని దాటాలంటే ముందే లెక్క వేసుకోవాలి. ఐదో గేరులో ఎనభై దగ్గర పడిందంటే ఇక కూనిరాగమే. బీచుపల్లిలో కృష్ణను దాటుతూ నాన్న కళ్లజోడు తీసి దండం పెట్టుకున్నారు. తర్వాత పక్క సీట్లో నిటారుగా కూర్చుని, నేను బ్రేకు వేసినప్పుడల్లా తన కాలూ నేలకు నొక్కారు. మా నాన్న ఇంకొకరు నడిపే బండిలో నిద్రపోవడం నేనెప్పుడూ చూడలేదు.

డోన్ దాటాక ఆషాఢం గాలి అందుకుంది. లారీ పక్కన ఉన్నంతసేపూ నిశ్శబ్దం. దాన్ని దాటి బయటికి వచ్చామో లేదో, ఎవరో భుజంతో తోసినట్టు బండి పక్కకు జరుగుతుంది. ఎత్తైన ఒళ్లు కదా, గాలికి తెరచాపలా దొరుకుతుంది. స్టీరింగు మధ్యలో కాస్త వదులు కూడా ఉంది. నేను గట్టిగా పట్టుకుని లాగుతుంటే, "కుస్తీ పట్టొద్దు. కొంచెం తగ్గించు, అదే దారికొస్తుంది" అన్నారు నాన్న. తగ్గించాను. వచ్చింది.

ఆ ధీమాతోనే ప్యాపిలి తర్వాత తొక్కాను. నాలుగు వరుసల రోడ్డు, కార్లకు వంద వరకు అనుమతి, ఖాళీ. ఇంత ఇనుము చుట్టూ ఉంటే ఏమవుతుందిలే అనిపించింది. నిజం చెప్పాలంటే ఆ బరువే నన్ను మోసం చేసింది. లోపల కూర్చుంటే వంద కూడా అరవైలా ఉంటుంది.

డివైడర్ సందులోంచి గొర్రెలు దిగాయి. ఒకటి కాదు, మంద.

బ్రేకు మీద నిలబడ్డాను. ముక్కు నేలకు వంగింది. వెనక బుట్టలు దబదబా దొర్లాయి. చక్రాలు బిగుసుకుపోయి కీచుమన్నాయి. కొత్త కార్లన్నిటికీ 2019 ఏప్రిల్ నుంచి తప్పనిసరి చేసిన ఏబీఎస్ మా ఏనుగుకు లేదు. "తిప్పొద్దు! వదిలి నొక్కు, వదిలి నొక్కు!" నాన్న గొంతు అంత పెద్దగా వినడం నాకదే తొలిసారి. చేతులేమో పక్కకు తిప్పెయ్‌మంటున్నాయి. తిప్పి ఉంటే అంత ఎత్తు బండి పల్టీ కొట్టేదేమో. వదిలి నొక్కాను. ఆగింది. గొర్రెల కాపరికీ మా బంపరుకూ మధ్య ఒక మంచం పట్టేంత జాగా.

"ఏమ్మా, అంత బిరీన యాడికి పోతాండారు?" అన్నాడాయన, కోపం కూడా లేకుండా. గొర్రెలను తోలుకుంటూ వెళ్లిపోయాడు. చక్రాల దగ్గర కాలిన వాసన. వెనక చిన్నది ఏడుస్తోంది. నా కాలు పెడల్ మీదే వణుకుతోంది.

నాన్న దిగి బండి చుట్టూ తిరిగి వచ్చారు. "మీటర్ నూరు చూపిచ్చింది పాపా. చూస్తానే ఉంటి."

"మరి చెప్పలేదేం?"

"చెప్తే వింటివా?"

ఆ రాత్రి మామ వాళ్ల మిద్దె మీద పడుకుని లెక్క వేశాను. ఎనభైలో సెకనుకు 22 మీటర్లు, వందలో 28. గొర్రెను చూసి కాలు బ్రేకు మీదికి చేరే లోపే అంత దూరం పోతుంది. తర్వాత అసలు కథ. వేగం పెరిగింది పాతిక శాతమే గానీ, బండిలో చేరే శక్తి 56 శాతం పెరుగుతుంది. మనుషులూ సామానూ కలిసి రెండు టన్నుల పైమాట, ఆ శక్తినంతా బ్రేకులే వేడిగా మార్చి వదిలించుకోవాలి. ఇరవై ఏళ్లుగా నాన్న ఎనభై దాటకపోవడం పిసినారితనమనుకున్నాను నేను. డీజిల్ ఆదా అని ఎన్నిసార్లు ఏడిపించామో!

బండి అమ్మేయమని మా ఆయన ఇప్పటికీ అంటూనే ఉన్నాడు. బేరానికి వచ్చినాయన చెప్పిన ధరకు మంచి స్కూటర్ కూడా రాదు. నాన్న ఔననరు, కాదనరు. 2027 దాకా కాగితాలున్నాయి కదా అంటారు.

సంవత్సరీకం అయ్యాక మర్నాడు తిరుగు ప్రయాణం. ప్యాపిలి దగ్గర ఆ డివైడర్ సందు కనిపించగానే నా కాలు దానంతటదే పైకి లేచింది. డెబ్బై, ఎనభై, మళ్లీ డెబ్బై. బస్సులు హారన్ కొట్టుకుంటూ దాటిపోయాయి. "ఎందుకమ్మా ఇంత స్లో?" అని పిల్లలు గోల. కర్నూలు దాటాం. కృష్ణ వంతెన వచ్చింది. దండం పెట్టుకుంటారని పక్కకు చూశాను.

నాన్న నోరు కొంచెం తెరిచి, తల కిటికీకి ఆనించి, గురక పెడుతున్నారు.